నాలుగు పేపర్ల సాక్ష్యం

"గురువుగారూ, పదమూడేళ్ళుగా వార్తలు రాస్తున్నాను. నా మాట నమ్మని ఊరు, నిన్నగాక మొన్న ఫోను చేతబట్టినవాడి మాట ఎందుకు నమ్ముతోంది?" అని అడిగాడు తారకం.

రంగనాయకులు గారు అడిగిన వెంటనే జవాబు చెప్పే మనిషి కాదు. నలభై ఏళ్ళు ఒక దినపత్రికలో పనిచేసి మానుకున్నారు. రేవుపేట విలేకరుల్లో సగం మంది ఆయన దగ్గర వార్త రాయడం నేర్చుకున్నవాళ్ళే. ఇప్పుడు పొద్దుటి పూట వీధి అరుగు మీద కూర్చుని భార్యకు కూరలు బాగుచేసి పెడుతున్నారు. ఆ రోజు చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ, గుప్పెడు కాయలు తారకం ముందుకు కూడా తోశారు. తారకం అడిగిన తీరు ప్రశ్నలాగే ఉంది. కాని అందులో తెలుసుకోవాలన్న కోరిక కంటే కడుపుమంట ఎక్కువ ఉందని ఆయన గ్రహించారు.

ఆ ఫోను చేతబట్టినవాడి పేరు రాంపండు. రెండేళ్ళ కిందటి దాకా బస్టాండులో సెల్‌ఫోన్లు బాగుచేసేవాడు. ఇప్పుడు 'గట్టు మీద కబురు' అని ఒక చానల్ పెట్టి, తన ఫోను ముందు తనే నిలబడి ఊరి సంగతులు చెబుతున్నాడు. మాట మొదలుపెడితే ఎక్కడ ఆపాలో తెలియదు. అయినా జనం చెవి అటే ఉంది. ఒకప్పుడు తారకం టీ కొట్టుకు వెళ్తే నలుగురు జరిగి బెంచీ ఇచ్చి, "రేపేం వస్తోందండీ పేపర్లో?" అని అడిగేవారు. ఇప్పుడు అదే బెంచీ మీద కూర్చుని తలలు వంచుకుని రాంపండును చూస్తున్నారు. మొన్న ఒక పెళ్ళి భోజనాల్లో పెళ్ళికూతురు తండ్రి రాంపండుకు రెండో లడ్డూ పిలిచి మరీ వేయించాడు. పక్క విస్తరి తారకానిది. అందులో పడలేదు. లడ్డూ ఎంతది? కాని అసూయ పట్టినవాడి కంటికి చిన్న విషయమంటూ ఉండదు. రోజూ మధ్యాహ్నం భోజనం కాగానే, తన పేరు బయటపడకుండా భార్య ఫోను తీసుకుని, రాంపండు వీడియోలు ఒక్కటీ విడిచిపెట్టకుండా చూసేవాడు. ఎంతమంది చూశారో చూసుకునేవాడు. కింద మెచ్చుకున్నవాళ్ళను పేరు పేరునా చదివి గుర్తుపెట్టుకునేవాడు. నిజానికి రేవుపేట మొత్తం మీద రాంపండును అంత శ్రద్ధగా చూసేవాడు మరొకడు లేడు.

తారకం చిక్కుడుకాయ ముట్టుకోకుండా, జేబులోంచి మడత కాగితం తీసి గురువుగారి ముందు పెట్టాడు. అది పోలీసులకు ఇవ్వదలచిన ఫిర్యాదు. కిందటి నెల వరదల్లో తాడిలంక రేవు దగ్గర, జనాన్ని దాటించే పడవ సరంగు ఓలేటి పోతురాజు గోదావరిలో పడి చనిపోయాడు. పడవ తాడు పాతబడినా, రేవును వేలంలో పాడుకున్న పాటదారు మార్పించలేదని రాంపండు అప్పటికప్పుడు ఫోనులో చెప్పేశాడు. చెప్పి ఊరుకోక పాటదారు పేరు కూడా చెప్పాడు. ఆ పేరు కిందటేడు పాటదారుది, గుబ్బల వెంకటరమణది. ఈ ఏడు పాట వేరేవాళ్ళది. అది తెలియక జనం వెంకటరమణ ఇంటి మీదికి వెళ్ళి పెంకులు పగలగొట్టారు.

"వాడు మర్నాడు తప్పని చెప్పుకున్నాడు లెండి," అన్నాడు తారకం, ఆ మాటను గబగబా దాటేస్తూ. "చెప్పుకుంటే మాత్రం పగిలిన పెంకులు అతుక్కుంటాయా?"

"అతుక్కోవు," అన్నారు రంగనాయకులు గారు.

"అదేనండి. మేం నలుగురు విలేకరులం సంతకాలు చేశాం. మీ సంతకం కూడా పడితే ఎస్సై గారు కాదనరు. కేసు పడుతుంది, వాడి చానల్ మూతపడుతుంది."

"పోతురాజు పోయిన సంగతి నువ్వూ రాశావు కదూ?"

"రాశానండి. నా దాంట్లో వంక పెట్టడానికేం లేదు. నాలుగు పేపర్లలోనూ అలాగే వచ్చింది."

"నాలుగు పేపర్లకూ ఎవరు రాశారు?"

తారకం చిక్కుడుకాయ ఒకటి చేతిలోకి తీసుకున్నాడు. రేవుపేట విలేకరులకు ఒక అలవాటుంది. నలుగురివీ నాలుగు పేపర్లే అయినా, వార్త మాత్రం వంతుల వారీగా ఒకరే తెస్తారు. మిగిలిన ముగ్గురూ అది తీసుకుని, మొదటి వాక్యం అటూ ఇటూ చేసి, ఎవరి పేపరుకు వాళ్ళు పంపుకుంటారు. ఎండలో వానలో నలుగురూ తిరిగే బాధ తప్పుతుంది. పోతురాజు పోయిన రోజు వంతు తారకానిది. వాన జోరుగా కురుస్తోందని అతను రేవుకు వెళ్ళలేదు. పోలీసు స్టేషనుకు ఫోను చేసి, అవతలివాళ్ళు చదివిన నాలుగు ముక్కలూ రాసుకుని, మిగిలిన ముగ్గురికీ పంపాడు. మర్నాడు నాలుగు పేపర్లూ ఒకే మాట అనేసరికి, అది నిజమేనన్న ధైర్యం అందరికంటే ముందు అతనికే వచ్చింది.

"సంతకం పెడతాను," అన్నారు రంగనాయకులు గారు. "ముందు రేవు దాటి వెళ్ళి, నీ వార్త పోతురాజు భార్యకు చదివి వినిపించి రా. వచ్చాక కూడా నువ్వు అడిగితే, ఇదే అరుగు మీద పెడతాను."

ఇది పెద్దాయన చాదస్తమనుకున్నాడు తారకం. అయినా ఆ సంతకం కావాలి గనక, పాత పేపరు మడిచి సంచిలో పెట్టుకుని పడవెక్కాడు. పడవలో కొబ్బరికాయల బేరగాడొకడు ఫోను చూస్తూ, "గోదారి ఇంకో అడుగు తగ్గుతాదంట. రాంపండు చెప్పాడు," అన్నాడు.

"ఇవాళ పేపర్లో కూడా పడిందండి," అన్నాడు తారకం ఉండబట్టలేక. ఆ వార్త తను రాసిందే.

"పడిందా? అయితే రాంపండును చూసి రాసుకునుంటార్లెండి," అన్నాడు బేరగాడు, ఏ కుళ్ళూ లేకుండా.

బుట్ట ఒళ్ళో పెట్టుకున్న ఒక ఆడమనిషి, "పేపరు మా ఇంటికీ వస్తాదండి. అప్పడాలు ఆరబెట్టుకోడానికి అంత వీలైంది మరోటి లేదు," అంది. పడవంతా నవ్వింది. తనెవరో తెలియకూడదని తారకం కూడా నవ్వాడు.

పోతురాజు భార్య నూకరత్నం వాకిట్లో ఎండుచేపలు తిరగేస్తోంది. తను పేపరు విలేకరినని, పోతురాజు వార్త రాసింది తనేనని, దాన్ని చదివి వినిపించి రమ్మని తన గురువుగారు పంపించారని తారకం చెప్పాడు. ఆవిడ చేపలు వదిలి లేచింది. చేతులు కడుక్కుని, పీట తెచ్చి అతనికి వేసి, తను నేల మీద కూర్చుంది.

"చదవండి బాబూ," అంది.

తారకం చదవడం మొదలుపెట్టాడు. పదమూడేళ్ళలో తను రాసిన వార్తను, అది ఎవరి గురించి రాశాడో వాళ్ళ ముందు కూర్చుని చదవడం అదే మొదటిసారి. "తాడిలంక రేవులో శనివారం ఉదయం ఓలేటి పోతురాజు అనే సరంగు..." అని అక్కడ ఆగాడు. తర్వాతి రెండు మాటలూ కంటికి కనబడుతున్నాయి గాని నోటికి రావడం లేదు. అవి వదిలేసి, "ప్రమాదవశాత్తు గోదావరిలో పడి మృతి చెందాడు," అని ముగించాడు.

"మధ్యలో ఏదో మింగేశారు," అంది నూకరత్నం. "నాకు చదువు రాదు బాబూ. కాని అందులో ఏ మాట పక్కన ఏ మాటుందో మా వీధిలో చంటి పిల్లలకి కూడా వచ్చు. ఉన్నదున్నట్టు చదవండి."

తారకం పేపరు వంక చూస్తూ, "మద్యం మత్తులో," అని చదివాడు.

ఆవిడ ఏడవలేదు. గొంతు కూడా పెంచలేదు. "శనివారమని మీరే రాశారు కదా. మా ఆయన శనివారం పొద్దుగూకేదాకా మంచినీళ్ళు తప్ప ఏదీ ముట్టడు. ఇరవై ఏళ్ళబట్టీ అంతే. ఆ రోజు పడవలో పదకొండు మంది ఉన్నారు. ఒక్కళ్ళనైనా అడిగారా?"

"లేదమ్మా."

"రేవుకొచ్చారా?"

"రాలేదు."

"తాడు తెగితే ఆ కొస పట్టుకుని నీళ్ళలో దిగి ఒడ్డుకి కట్టాడు. పదకొండు మందీ క్షేమంగా దిగారు. తాడు ఆయన కాలికి చుట్టుకుంది. దినానికి మా వియ్యాలవారు వచ్చారు. భోజనాల దగ్గర నా ముఖం చూడలేదు. తాగి పడ్డాడంట కదా అన్నారు. కాదండీ బాబూ అంటే, ఒక పేపరైతే పొరపాటనుకోవచ్చు, నాలుగింటిలో ఎలా పడతాది పొరపాటు అన్నారు. ఆ మాటకి నాకు జవాబు తోచలేదు."

తారకం దగ్గర ఆ మాటకు జవాబుంది. అది చెప్పడానికి ధైర్యం చాలలేదు. మనిషి పూర్తిగా సిగ్గుపడవలసిన చోట కూడా అసూయ ఊరుకోదు. అతని నోటి నుంచి వచ్చిన మాట ఇది: "రాంపండు కూడా తప్పే చెప్పాడు కదమ్మా."

"చెప్పాడు," అంది నూకరత్నం. "పాపం, ఆ వెంకటరమణ గారు ఏం చేశాడు? రాంపండు ఇటొస్తే చీపురు తిరగేసి నోటికొచ్చినట్టు తిట్టాను. నువ్వు పెట్టింది చిచ్చురా అన్నాను. కదలకుండా నిలబడి పడ్డాడు. మర్నాడు వెంకటరమణ గారి గుమ్మంలో నిలబడి, నాదే తప్పని ఫోనులో చెప్పుకున్నాడు. వాడు తిట్టడానికైనా దొరికాడు. మిమ్మల్ని తిడదామంటే మీరెవరో ఎవరికి తెలుసు బాబూ?"

తారకం ఇంటికి వచ్చి సవరణ రాసి పేపరుకు పంపాడు. పేపరాఫీసులో వార్తలు దిద్దే డెస్కు పెద్ద ఫోను చేసి, "నెల దాటిన వార్తకు సవరణేంటయ్యా? స్టేషనువాళ్ళు చెప్పిందే కదా రాశావు, మనకేం అంటుకోదు," అన్నాడు. తారకం పట్టుబట్టాడు. అది పట్టుదల అనుకోవడానికి లేదు. నూకరత్నం అడిగిన మాటలు చెవిలోంచి పోక అలా చేశాడు. నాలుగు రోజుల తర్వాత పదకొండో పేజీలో, కరెంటు కోత ప్రకటనకీ పోగొట్టుకున్న సర్టిఫికెట్ల ప్రకటనకీ మధ్య రెండు వరుసలు పడ్డాయి. మిగిలిన మూడు పేపర్లలో అవి కూడా పడలేదు. సాటి విలేకరులు ముగ్గురూ అతని మీద విరుచుకుపడ్డారు. నీ నెత్తి మీద నువ్వు మట్టి పోసుకుంటే పోసుకో, మా నెత్తిన పోస్తావేం అన్నారు.

ఆ రెండు వరుసలూ పట్టుకుని తారకం మళ్ళీ రేవుకు వెళ్ళాడు. ఆ రోజు సంత. అవతల ఒడ్డు నుంచి వచ్చినవాళ్ళు, వెళ్ళేవాళ్ళు రేవు మెట్ల మీద కిక్కిరిసి ఉన్నారు. నూకరత్నం చేపల బుట్టతో పడవ కోసం చూస్తోంది. తారకం పేపరు చూపించి చదవబోయాడు. ఆవిడ అడ్డుకుంది.

"నాకు చెప్పి ఏం లాభం? నాకు తెలిసిందే కదా. తెలియనోళ్ళకి చెప్పండి," అని చుట్టూ ఉన్న జనం వైపు చూసింది.

సరిగ్గా అప్పుడే రాంపండు కనబడ్డాడు. మెట్ల పైన నిలబడి సంతను ఫోనులో పట్టుకుంటున్నాడు. తారకాన్ని చూసి, "అన్నగారూ, మీరూ వచ్చారా," అని నమస్కారం పెట్టాడు. ఆ నమస్కారంలో వెటకారం లేదు. అందుకే తారకానికి ఒళ్ళు మరింత మండింది. తిరిగి వెళ్ళిపోదామా అనుకున్నాడు. నూకరత్నం తలమీది బుట్ట దించి కింద పెట్టింది. అది చూసి అతను రెండు మెట్లు పైకెక్కి, జనం వైపు తిరిగాడు.

"పోతురాజు గారు తాగి పడ్డాడని నాలుగు పేపర్లలో వచ్చింది. నాలుగూ నేను రాసినవే. నేను రేవుకు రాలేదు. ఎవరినీ అడగలేదు. ఫోనులో విన్నది రాశాను. ఆయన తాగలేదు. పదకొండు మందిని ఒడ్డుకు చేర్చి పోయాడు."

ఇంతవరకూ చెప్పేసరికి రాంపండు ఫోను తనవైపు తిరిగి ఉండటం చూశాడు. అసలు రాంపండు మాత్రం ఏం తక్కువ తిన్నాడు, వెంకటరమణ ఇంటి పెంకులు పగలగొట్టించింది వీడు కాదా అన్న మాట నాలుక చివరి దాకా వచ్చింది. అంటే నలుగురూ అవునంటారు. తన తప్పు సగం తేలికైపోతుంది. కింద పెట్టిన బుట్ట పక్కన నూకరత్నం ఇంకా అలాగే నిలబడి ఉంది. తారకం ఆ మాట మింగి, "తప్పు నాది. ఇంకెవరిదీ కాదు," అన్నాడు.

జనంలోంచి ఎవరో, "నెల్లాళ్ళకి తీరిందా బాబూ తమరికి?" అన్నారు. ఇంకొకడు, "వానలో తడిస్తే జలుబు చేస్తాదని రాలేదేమో," అన్నాడు. ఒక ముసలాయన మాత్రం దగ్గరకు వచ్చి, నెమ్మదిగా, "నేను పోతురాజును పాతికేళ్ళు ఎరుగుదును. అయినా నాలుగు పేపర్లు చూసి, తాగే ఉంటాడనుకున్నాను. నన్ను నేనేం చేసుకోను?" అన్నాడు. తారకం అందరి మాటలూ నిలబడి పడ్డాడు. పడవ వచ్చింది. నూకరత్నం బుట్ట తలకెత్తుకుని, అతనితో ఒక్క మాట కూడా మాట్లాడకుండా ఎక్కి వెళ్ళిపోయింది.

మర్నాడు పొద్దున్నే తారకం గురువుగారి అరుగు దగ్గరకు వచ్చాడు. ఒక చేతిలో భార్య ఫోను, రెండో చేతిలో ఫిర్యాదు కాగితం.

"చూడండి గురువుగారూ. నేను మాట్లాడింది వాడు చానల్లో పెట్టుకున్నాడు. నలభై వేల మంది చూశారు. నా పేపరు ఈ జిల్లాలో అంతమంది కొనరు. కింద ఏం రాశారో చదవమంటారా? రాంపండు అన్నా, పేపరోళ్ళ చేత నిజం కక్కించావు అంట. తప్పు నాది. నోరు నాది. జనంలో తలవంచుకుని నిలబడింది నేను. మెప్పు వాడికి. నేను నిజం చెప్పినా వాడి ఫోనులో కనబడితేనే నమ్ముతారా?"

రంగనాయకులు గారు అంతా విన్నారు. లోపలికి కేకేసి కలం తెప్పించుకుని, మూత తీసి, చెయ్యి చాపారు. తారకం కాగితం అందించబోయాడు. ఆయన దాని కొస పట్టుకున్నారు. తారకం తన వైపు కొస వదల్లేదు. కాసేపు ఆ కాగితం ఇద్దరి మధ్యా అలాగే ఉంది. చివరకు తారకమే దాన్ని వెనక్కు లాక్కుని, నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడు. చింపడానికి మనసు రాలేదు. ఇవ్వడానికి చెయ్యి రాలేదు.

గురువుగారు కలం మూత పెట్టి, "రేవులో ఇంకేమైనా జరిగిందా?" అని అడిగారు.

"ఏం జరుగుతుందండి, తిట్లు తప్ప. ఆ.. జనమంతా వెళ్ళాక తాడిలంక రైతొకాయన, పేరు గొలకోటి సూరన్న అన్నాడు, నన్ను ఆపాడు. గోదారి తన కొబ్బరితోట గట్టు కోసేస్తోందంట. రోజుకో చెట్టు పడిపోతోందంట. ఒకసారి వచ్చి కళ్ళతో చూసి రాయండి బాబూ అని చేతులు పట్టుకున్నాడు."

"రాంపండు వెళ్ళిపోయాడా అప్పటికి?"

"లేదండి, పక్కనే ఉన్నాడు. ఫోను సంచిలో పెట్టుకుంటున్నాడు."

"అయినా ఆయన నిన్ను అడిగాడు."

"నన్నే అడిగాడండి," అన్నాడు తారకం. ఆ మాట బయటకు వచ్చాక గాని అతను దాన్ని వినలేదు. భార్య ఫోను ఇంకా చేతిలో వెలుగుతూనే ఉంది.

రంగనాయకులు గారు వీధి వైపు, రేవుకు వెళ్ళే దారి వైపు ఒకసారి చూసి అన్నారు: "మరి పొద్దెక్కేదాకా ఇక్కడే కూర్చుంటావా?"